స్టార్టప్‌కు ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్), డెవలప్‌మెంట్ ప్లాట్‌ఫాం ఎంచుకోవడం ఎలా: సర్వర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా

కొత్త కంపెనీల్లో మామూలుగా నడిచే వరుస ఇది: ముందు ల్యాప్‌టాప్‌లు కొంటారు, తర్వాత ఎవరో ఒకరికి నచ్చిన లాంగ్వేజ్‌లో కోడ్ మొదలవుతుంది, సర్వర్ సంగతి లాంచ్ వారంలో గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగేయండి. కస్టమర్ చేతిలో ఏ పరికరం ఉంది, ప్రోడక్ట్ ఏ సర్వర్ మీద నడుస్తుంది అన్నవి ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ డేటాబేస్, లాంగ్వేజ్, అన్నిటికన్నా చివర ల్యాప్‌టాప్ ఎంచుకోండి. ఈ దారిలో పదేపదే అడగాల్సిన ప్రశ్నలు రెండు. డెవలపర్ మెషీన్‌కూ సర్వర్‌కూ మధ్య ఎన్ని తేడాలున్నాయి? ఎంచుకున్న ప్రతిదానికీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయి? స్టార్టప్‌లను రాత్రిళ్లు మేలుకోబెట్టే ఇబ్బందుల్లో పెద్ద వాటా ఈ రెండింటి దగ్గరే పుడుతుంది.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కిరాణా కొట్లకు, మెడికల్ షాపులకు తెలుగులో బిల్లింగ్ యాప్ చేసే ఐదుగురి కంపెనీ. మొబైల్ యాప్, వెనక ఒక సర్వర్, బిల్లు ప్రింటర్, నెలాఖరుకు ఒక పీడీఎఫ్ రిపోర్టు. మీ ప్రోడక్ట్ వేరే కావచ్చు, తేల్చుకోవాల్సినవి దాదాపు ఇవే.

మొదటి మెట్టు: ఒక కాగితం

ఏ బ్రాండు పేరూ ఎత్తకముందు ఈ ఐదింటికి జవాబులు రాసుకోండి. కస్టమర్ వాడే పరికరం ఏది, దాని ధర ఎంత. దానికి బయటి నుంచి ఏం తగిలిస్తారు: ప్రింటర్, స్కానర్, తూకం మెషీన్. కోడ్ రాసేవాళ్లకు ఇప్పటికే చేయి తిరిగిన లాంగ్వేజ్ ఏది. డేటా ఎక్కడ ఉండాలని చట్టం చెబుతోంది. రాబోయే 18 నెలలకు సర్వర్ల మీద నెలకు ఎంత పెట్టగలరు.

చివరి జవాబులో క్రెడిట్లను లెక్కలోకి తీసుకోకండి. క్లౌడ్ కంపెనీలు స్టార్టప్ ప్రోగ్రాముల కింద ఇచ్చే క్రెడిట్లు ఉన్నన్నాళ్లూ బిల్లు సున్నాగానే కనిపిస్తుంది. అవి అయిపోయిన నెలలో వచ్చే మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. క్రెడిట్లే లేవనుకుని, ఆ నెల బిల్లు కట్టగలమా అని ఇప్పుడే చూసుకోండి.

చట్టం విషయంలో మూడు సంగతులు. పేమెంట్ సిస్టమ్ డేటా భారత్‌లోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఆదేశించింది. కార్డు నంబర్లు దాచుకునే వీలు 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులకు లేదు, కాబట్టి ఆ పని పూర్తిగా పేమెంట్ గేట్‌వేకే వదిలేయండి. ఇక 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి, లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు భద్రపరచాలి, సర్వర్ గడియారాలు అంగీకృత టైమ్ సర్వర్లతో కలిసి నడవాలి. లాగ్‌లు ఎక్కడ పెట్టాలి, డిస్కు ఎంత తీసుకోవాలి అన్నవి ఈ 180 రోజుల్లోంచే తేలతాయి. వాటిని సర్వర్ డిస్కు మీదే వదిలేస్తే, డేటాబేస్ కూడా అక్కడే ఉంటే, డిస్కు నిండిన రోజు అది రాయడం ఆపేస్తుంది. లాగ్‌లను మొదటి రోజు నుంచే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు (క్లౌడ్‌లో ఫైళ్లు విడిగా దాచే చోటు) పంపండి.

రెండో మెట్టు: సర్వర్ ఓఎస్

ఇక్కడ ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్), లేదా డెబియన్ స్టేబుల్. రెండూ లినక్స్ రకాలే. రెండింటిలో టీమ్‌కు ఏది అలవాటైతే అది.

ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, మామూలు సపోర్టు ఐదేళ్లు. 22.04కు 2027 దాకా, 24.04కు 2029 దాకా. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చే రిలీజ్‌లకు సపోర్టు 9 నెలలే. కొత్త వెర్షన్ కదా అని వాటిని సర్వర్ మీద ఎక్కిస్తే, ఏడాది తిరగకముందే అప్‌డేట్లు ఆగిపోతాయి. డెబియన్‌లో ఒక్కో రిలీజ్‌కు మూడేళ్లు పూర్తి సపోర్టు, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్ టీమ్ సపోర్టు. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో.

తేదీల మీద ఇంత పట్టు ఎందుకో తెలియాలంటే సెంటాస్ అనే ఇంకో లినక్స్‌కు ఏమైందో చూడాలి. సెంటాస్ 8కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి ఎన్నో కంపెనీలు దాన్ని ఎక్కించాయి. 2020 డిసెంబరులో ఆ గడువును 2021 డిసెంబరు 31కి కుదించేశారు. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో తెరపడింది. నేటికీ పాత ట్యుటోరియల్ చూసి సెంటాస్ 7 ఇమేజ్ దించుకునేవాళ్లున్నారు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయబోతే సర్వర్ చిరునామా దొరకలేదని ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ప్యాకేజీలు దొరికే ఆ రిపాజిటరీలను ఆర్కైవ్‌కు తరలించేశారు. సెంటాస్ లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబమే కావాలని కస్టమర్ పట్టుబడితే ఆల్మా లినక్స్ లేదా రాకీ లినక్స్ తీసుకోండి.

విండోస్ సర్వర్ ఎప్పుడు? కస్టమర్ ఆఫీసులోనే ఇన్‌స్టాల్ చేయాల్సిన ప్రోడక్ట్ అయినప్పుడు, మైక్రోసాఫ్ట్ వారి పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కోడ్ చేతికొచ్చినప్పుడు, విండోస్ మీద మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు. సీషార్ప్ (డాట్‌నెట్‌లో వాడే లాంగ్వేజ్) వచ్చిన టీమ్ అన్నంత మాత్రాన విండోస్ సర్వర్ అక్కర్లేదు. డాట్‌నెట్ 2016 నుంచి లినక్స్ మీద నడుస్తోంది, విండోస్ లైసెన్స్ డబ్బు మిగులుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితమే కానీ డేటాబేస్ సైజును 2022 వెర్షన్ దాకా 10 జీబీ, 2025 వెర్షన్‌లో 50 జీబీ దాటనివ్వదు. బిల్లింగ్ లాంటి ప్రోడక్ట్ ఎప్పుడో ఒకప్పుడు ఆ గీత దాటొచ్చు.

సర్వర్ ఎక్కడ? అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ. అజూర్‌కు పుణె, చెన్నై, ముంబై. దగ్గర కదా అని హైదరాబాద్ రీజియన్ ఎంచుకునే ముందు, మీకు కావాల్సిన సర్వీసులూ సర్వర్ రకాలూ అక్కడ ఉన్నాయో లేదో జాబితా చూడండి. కొత్త రీజియన్లలోకి అన్నీ ఒకేసారి రావు. తెలుగు రాష్ట్రాల నుంచి ముంబైకి పట్టే అదనపు సమయం బిల్లింగ్ స్క్రీన్ మీద ఎవరికీ తెలియదు.

మొదలుపెట్టే సైజు: రెండు వర్చువల్ సీపీయూలు, 4 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ ఒకటి, పక్కన మేనేజ్డ్ డేటాబేస్ (క్లౌడ్ కంపెనీయే చూసుకునేది) ఒకటి. మొదటి కొన్ని వందల దుకాణాలకు ఇది చాలు. 1 జీబీ సర్వర్ తీసుకుని దాని మీదే నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే వేదిక) బిల్డ్, అంటే కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే పని, నడిపితే, మధ్యలో 'కిల్డ్' అన్న ఒక్క మాటతో ఆగిపోతుంది. మెమరీ చాలక ఓఎస్ గుండెకాయ అయిన కెర్నెలే ఆ ప్రాసెస్‌ను చంపేసింది. బిల్డ్‌ను సర్వర్ మీద చేయకండి, సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, పరీక్షలు తనంతట తాను నడిపే వ్యవస్థ) చేసి, తయారైన కంటెయినర్ ఇమేజ్‌ను (యాప్‌నూ దానికి కావాల్సినవాటినీ కట్టిన మూట) మాత్రమే సర్వర్‌కు పంపండి. కంటెయినర్లను ఎన్నో సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఐదుగురున్న చోట దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి.

బిల్లులో కనిపించకుండా కూర్చునేవి కొన్నున్నాయి. అమెజాన్‌లో పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకు 0.005 డాలర్లు, అంటే ఒక్కోదానికి నెలకు మూడున్నర డాలర్లు దాటుతుంది. ట్యుటోరియల్ చూసి ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టినప్పుడు దాంతోపాటు వచ్చే నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లే దారి), ఏ డేటా పారకపోయినా నెలకు 30 డాలర్లకు పైనే లాగుతుంది. బయటికి వెళ్లే డేటాకు ముంబైలో మొదటి 100 జీబీ తర్వాత జీబీకి సుమారు 11 సెంట్లు. ఖాతా తెరిచిన రోజే నెల బడ్జెట్‌లో సగం దాటగానే మెయిల్ వచ్చేలా అలర్ట్ పెట్టండి.

గూగుల్ ఫైర్‌బేస్ లాంటి రెడీమేడ్ వేదికలు కూడా చూస్తారు కాబట్టి ఒక లెక్క. దాని డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 రీడ్‌లు (ఒక డాక్యుమెంట్ చదివితే ఒక రీడ్) ఉచితం. బిల్లుల జాబితా స్క్రీన్ తెరిస్తే 200 డాక్యుమెంట్లు చదువుతుందనుకోండి. 100 దుకాణాలు, రోజుకు 20 సార్లు తెరిస్తే 4,00,000 రీడ్‌లు. డబ్బు సంగతి అలా ఉంచితే, నెలవారీ జీఎస్టీ మొత్తం, సరుకు వారీ లాభం లాంటి రిపోర్టులు రిలేషనల్ (డేటాను పట్టికలుగా దాచే) డేటాబేస్‌లో ఒక క్వెరీ, ఫైర్‌స్టోర్‌లో ఒక ప్రాజెక్టు. చాట్, నోటిఫికేషన్లు, లాగిన్ ప్రధానమైన ప్రోడక్ట్‌కు ఫైర్‌బేస్ బాగుంటుంది. లెక్కలు ప్రధానమైనదానికి పోస్ట్‌గ్రెస్ అనే రిలేషనల్ డేటాబేస్ తీసుకోండి.

మూడో మెట్టు: డేటాబేస్, లాంగ్వేజ్

టీమ్‌లో కనీసం ఇద్దరికి బాగా వచ్చిన లాంగ్వేజ్, అంతే. ఒక్కరికే వచ్చినదాన్ని ఎంచుకుంటే ఆ ఒక్కరు సెలవు పెట్టిన వారం కంపెనీ ఆగుతుంది. పైథాన్, జావా, నోడ్, పీహెచ్‌పీ, డాట్‌నెట్, గో: ఏదైనా ఈ పనికి సరిపోతుంది.

వెర్షన్ దగ్గర మాత్రం తేదీ చూడాలి. నోడ్‌లో సరి సంఖ్య వెర్షన్లే ఎల్‌టీఎస్ అవుతాయి. 18కి 2025 ఏప్రిల్‌తో అయిపోయింది, 20కి 2026 ఏప్రిల్, 22కి 2027 ఏప్రిల్. పైథాన్ ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్లు, 3.9కి 2025 అక్టోబరుతో ముగిసింది. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్‌కూ ఐదేళ్లే. మైఎస్‌క్యూఎల్ 8.0కు 2026 ఏప్రిల్. కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతుంటే కనీసం రెండున్నరేళ్ల ఆయుష్షు మిగిలిన వెర్షన్ తీసుకోండి.

కంటెయినర్ బేస్ ఇమేజ్ విషయంలో చిన్న సైజుకు ఆశపడి చాలామంది ఆల్పైన్ అనే చిన్న లినక్స్ తీసుకుంటారు. ఆల్పైన్ వాడేది మస్ల్ అనే సీ లైబ్రరీ (ప్రోగ్రాములు ఓఎస్‌తో మాట్లాడటానికి వాడే మూల కోడ్). ఉబుంటు, డెబియన్‌లవి జీలిబ్‌సీ. పైథాన్ ప్యాకేజీల్లో కొన్నిటికి మస్ల్ కోసం ముందే కట్టిన ఫైళ్లు ఉండవు. అప్పుడు సోర్స్ నుంచి కంపైల్ అవుతాయి, నిమిషంలో అవ్వాల్సిన బిల్డ్ పావుగంట పడుతుంది. డెబియన్ స్లిమ్ ఇమేజ్ తీసుకోండి.

సీ లైబ్రరీ తేడా డేటాబేస్ దగ్గర మరీ ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ అక్షర క్రమాన్ని మామూలుగా ఓఎస్ లైబ్రరీ నుంచి తెచ్చుకుంటుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం మారింది. డెబియన్ 9 నుంచి 10కి, సెంటాస్ 7 నుంచి 8కి డేటా డైరెక్టరీని అలాగే తరలించినవాళ్ల ఇండెక్స్‌లు (వేగంగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే జాబితాలు) పాత క్రమంలో ఉండిపోయాయి. ఉన్న కస్టమర్ పేరు వెతికితే దొరకదు, ఒక్కటే ఉండాల్సిన కోడ్ రెండుసార్లు చేరుతుంది, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. ఆల్పైన్ పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ నుంచి డెబియన్ ఇమేజ్‌కు అదే వాల్యూమ్‌తో మారినా ఇదే జరుగుతుంది. ఓఎస్ మారిస్తే డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేయండి, లేదా టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేయండి.

లైసెన్సులు కూడా ఈ మెట్టులోనే చూసేయండి. ఒరాకిల్ జావా లైసెన్స్ 2023 జనవరి నుంచి ఉద్యోగుల సంఖ్య మీద లెక్క. ఉచిత జావా రకాలైన టెమ్యూరిన్ లేదా కొరెట్టో వాడితే ఆ గొడవ లేదు. సర్వర్ల అమరికను కోడ్‌గా రాసే టెరాఫాం లైసెన్స్ 2023 ఆగస్టులో, మెమరీలో నడిచే డేటాబేస్ రెడిస్‌ది 2024 మార్చిలో మారాయి. వాటి స్థానంలో ఓపెన్‌టోఫు, వాల్కీ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో కంటెయినర్లు నడిపే డాకర్ డెస్క్‌టాప్ 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులు, కోటి డాలర్ల కన్నా తక్కువ వార్షికాదాయం ఉన్న కంపెనీలకు ఉచితం. రెండు షరతులూ ఉండాలి.

నాలుగో మెట్టు: మొబైల్. ప్రింటర్ చెప్పినట్టు వినండి

భారత్‌లో వాడే ఫోన్లలో తొంభై శాతానికి పైగా ఆండ్రాయిడ్. మన కిరాణా కొట్టు యాప్‌కు ఆండ్రాయిడ్ ముందు, ఐఫోన్ తర్వాత. ఆండ్రాయిడ్ లాంగ్వేజ్ కాట్లిన్‌లో నేరుగా రాయాలా, ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకూ యాప్ చేసే ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా అన్నది స్క్రీన్ల అందాన్ని బట్టి తేల్చకండి. ఫోన్‌కు తగిలించే పరికరాన్ని బట్టి తేల్చండి.

బిల్లు ప్రింటర్‌నే చూడండి. దుకాణాల్లో వాడే 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్ ఒక వరుసలో 384 చుక్కలు వేస్తుంది, 80 మిల్లీమీటర్లది 576. మామూలుగా వాటిలో తెలుగు ఫాంట్ ఉండదు. 'కందిపప్పు' అని టెక్స్ట్ పంపితే పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి తెలుగు బిల్లును ఫోన్‌లోనే బొమ్మగా గీసి, సరిగ్గా 384 చుక్కల వెడల్పుకు కుదించి, నలుపు తెలుపు బిట్‌మ్యాప్‌గా పంపాలి. వెడల్పు ఒక్క చుక్క ఎక్కువైనా బొమ్మ ఏటవాలుగా సాగిపోవచ్చు. పొడవాటి బొమ్మను ఒకేసారి పంపితే చవక ప్రింటర్ల బఫర్ నిండి సగంలో ఆగుతాయి. 24 వరుసల ముక్కలుగా, మధ్యలో చిన్న విరామమిచ్చి పంపండి.

ఈ ప్రింటర్లలో ఎక్కువ భాగం పాత తరహా బ్లూటూత్ సీరియల్ పద్ధతిలో మాట్లాడతాయి. ఆండ్రాయిడ్ దాన్ని ఒప్పుకుంటుంది. 12వ వెర్షన్ నుంచి బ్లూటూత్ కనెక్ట్ అనుమతి విడిగా అడగాలి. ఐఫోన్‌లో యాపిల్ ధ్రువీకరణ ఉన్న పరికరమైతే తప్ప ఆ పద్ధతి నడవదు. అంటే ఒకే ఫ్లట్టర్ కోడ్‌తో రెండు ఫోన్లకూ వేసేస్తామన్న లెక్క ఇక్కడ తప్పుతుంది, ఐఫోన్ కస్టమర్లకు వేరే ప్రింటర్ చెప్పాల్సి వస్తుంది. అందుకే ప్లాట్‌ఫాం ఖరారు చేసే ముందు బజారులో దొరికే మూడు రకాల ప్రింటర్లు తెచ్చి, ఎంచుకోబోయే ఫ్రేమ్‌వర్క్ ప్లగిన్‌తో (ప్రింటర్‌తో మాట్లాడే రెడీమేడ్ కోడ్) తెలుగు బిల్లు కొట్టి చూడండి. ఆ ప్లగిన్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో కూడా చూడండి. నేటివ్ లైబ్రరీలున్న పాత ప్లగిన్లు ఇంకో చోట కూడా అడ్డుపడతాయి: ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు పనిచేయాలని ప్లే స్టోర్ 2025 నవంబరు నుంచి అడుగుతోంది. మూడింటిలోనూ ప్లగిన్ సతాయిస్తే ప్రింటింగ్ భాగం ఒక్కటీ కాట్లిన్‌లో రాసి, మిగతా యాప్ ఫ్లట్టర్‌లో ఉంచుకోవచ్చు.

స్టోర్ ఖాతాలకు టైమ్ పడుతుంది, ముందే మొదలుపెట్టండి. గూగుల్ ప్లే ఫీజు ఒకేసారి 25 డాలర్లు, యాపిల్‌ది ఏడాదికి 99 డాలర్లు. ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరిస్తే, 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో ఉంటేనే యాప్‌ను అందరికీ విడుదల చేయనిస్తారు. కంపెనీ ఖాతాకు ఈ షరతు లేదు కానీ డన్స్ నంబర్ (కంపెనీలను గుర్తించే అంతర్జాతీయ నంబర్) కావాలి. ఉచితమే, చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. కంపెనీ రిజిస్టర్ అయిన వారంలోనే దరఖాస్తు పెట్టండి.

టెస్టింగ్ ఫోన్ ఖరీదైనది కాకూడదు. 3 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న, రెండు మూడేళ్లు వాడిన ఫోన్ ఒకటి ఆఫీసులో ఉండాలి. దుకాణదారుడి చేతిలో ఉండేది అదే.

ఐదో మెట్టు: తెలుగు ఎక్కడ విరుగుతుందో చూడటం

చాలా గైడ్లు ఈ మెట్టు దాటేస్తాయి. మీ ప్రోడక్ట్‌లో తెలుగు ఉంటే మాత్రం దాటకండి.

సర్వర్ ఓఎస్ ఇమేజ్‌లలో, కంటెయినర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చిన పీడీఎఫ్ రిపోర్టు సర్వర్ నుంచి ఖాళీ డబ్బాలతో వస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో నోటో కోర్ ఫాంట్ల ప్యాకేజీని డాకర్‌ఫైల్‌లోనే (కంటెయినర్ ఇమేజ్ కట్టే సూచనల ఫైలు) ఎక్కించండి. ఫాంట్ ఉన్నా పని అయిపోదు. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టడమే తప్ప వత్తులు కూర్చవు. ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్. దాన్ని వాడుకునే హెడ్‌లెస్ క్రోమ్ లేదా వీజీప్రింట్‌తో పీడీఎఫ్ చేస్తే ఇబ్బంది ఉండదు. పరీక్షకు 'స్త్రీ', 'జ్యోత్స్న', 'లక్ష్మి', 'కొట్టు' అన్న నాలుగు మాటలు ప్రింట్ చేయండి. ఇవి సరిగ్గా వస్తే దాదాపు అన్నీ వస్తాయి.

'స్త్రీ' కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు (అక్షర భాగాలకు ఇచ్చిన సంఖ్యలు), యూటీఎఫ్-8లో 18 బైట్లు. సరుకు పేరును 20 దగ్గర కత్తిరించే కోడ్ ఇంగ్లిష్ పేర్లకు సరిపోయినా తెలుగు పేరును వత్తు మధ్యలో కోసేస్తుంది. గ్రాఫీమ్ (కంటికి కనిపించే ఒక అక్షరం) లెక్కన కత్తిరించే ఫంక్షన్ మీరు ఎంచుకున్న లాంగ్వేజ్‌లో ఉందో లేదో చూడండి. మైఎస్‌క్యూఎల్ వాడితే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8-ఎంబీ4 పెట్టండి. దాని పాత 'యూటీఎఫ్8'లో తెలుగు పడుతుంది, ఎమోజీ రాగానే ఎర్రర్ వస్తుంది.

వెతుకులాట ఇంకో గొయ్యి. 'ఫోన్‌కు' అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వం కూడా అంతే, యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. సేవ్ చేసేటప్పుడే టెక్స్ట్‌ను ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చండి, వెతికే కాలమ్‌లో ఆ కనపడని అక్షరాన్ని తీసేయండి. ఎస్సెమ్మెస్ పంపేటట్లయితే తెలుగులో ఒక మెసేజ్‌కు 70 కోడ్ పాయింట్లే, ఇంగ్లిష్‌లో 160. నెలవారీ ఎస్సెమ్మెస్ ఖర్చు దాన్ని బట్టే వేసుకోండి.

ఆరో మెట్టు: ఇప్పుడు ల్యాప్‌టాప్

సర్వర్ లినక్స్ అని తేలింది, ఆండ్రాయిడ్ ముందని తేలింది. ఇక దానికి తగ్గ మెషీన్.

ర్యామ్ 16 జీబీ కన్నా తక్కువ వద్దు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో ఫోన్‌ను అనుకరించేది), డాకర్, బ్రౌజర్ కలిస్తే 8 జీబీ మెషీన్ ఊపిరాడక నిలబడిపోతుంది. మ్యాక్‌బుక్‌లలో తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుండదు, కొనేటప్పుడే తీసుకోవాలి. విండోస్ మెషీన్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో షాపులోనే అడగండి. డిస్కు 512 జీబీ ఎస్‌ఎస్‌డీ.

విండోస్ తీసుకుంటే హోమ్ కాకుండా ప్రో ఎడిషన్ తీసుకోండి. డిస్కు ఎన్‌క్రిప్షన్‌ను కంపెనీ చేతిలో ఉంచుకోవడానికి బిట్‌లాకర్ పూర్తిగా ఉండేది అందులోనే. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొంటుంటే విండోస్ 11 ఎక్కుతుందో లేదో, టీపీఎం 2.0 భద్రతా చిప్ ఉందో లేదో చూసి మరీ డబ్బులివ్వండి. కోడ్ అంతా డబ్ల్యూఎస్‌ఎల్2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం) లోని ఉబుంటులో, సర్వర్ మీద ఉన్న వెర్షన్‌లోనే నడపండి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది: ప్రాజెక్టు ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ నుంచి తెరవడం. రెండు ఫైల్ సిస్టమ్‌ల మధ్య రాకపోకల వల్ల ప్యాకేజీల ఇన్‌స్టాల్, గిట్ (కోడ్ మార్పులు దాచే టూల్) స్టేటస్ అన్నీ నత్తనడక నడుస్తాయి. ఫోల్డర్‌ను లినక్స్ హోమ్ డైరెక్టరీలో పెట్టండి. డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా మెషీన్ ర్యామ్‌లో సగం దాకా వాడుకుంటుంది. ఎమ్యులేటర్ కూడా నడపాలంటే దాని కాన్ఫిగ్ ఫైల్‌లో 16 జీబీకి 6 జీబీ అని పరిమితి రాయండి.

మ్యాక్ ఒక్కటైనా కావాలి, ఐఫోన్ యాప్ ఎప్పుడో ఒకప్పుడు చేస్తారు కనుక. ఐఫోన్ యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది. పాత ఇంటెల్ మ్యాక్ చవకగా దొరికిందని కొనొద్దు. యాప్ స్టోర్ ఏటా కొత్త ఎక్స్‌కోడ్ అడుగుతుంది, కొత్త ఎక్స్‌కోడ్ కొత్త మ్యాక్ఓఎస్ అడుగుతుంది, ఇంటెల్ మెషీన్లకు మ్యాక్ఓఎస్ 26తో ఆఖరు. ఎం సిరీస్ చిప్‌ల మ్యాక్‌లతో జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. అవి ఆర్మ్ రకం, ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కన్నా వేరు. వాటి మీద కట్టిన డాకర్ ఇమేజ్‌ను మామూలు ఇంటెల్, ఏఎండీ సర్వర్ మీద నడిపితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని వెంటనే పడిపోతుంది. బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫాం లినక్స్ ఏఎండీ64 అని చెప్పాలి. టీమ్ అంతా మ్యాక్‌లే వాడితే, అమెజాన్ గ్రావిటాన్ లాంటి ఆర్మ్ సర్వర్ తీసుకోవడం ఇంకా సులువు, ఖర్చూ తగ్గుతుంది.

డెస్క్‌టాప్ లినక్స్ సర్వర్‌కు అన్నిటికన్నా దగ్గర. కొనే మోడల్‌లో వైఫై, నిద్ర నుంచి లేవడం, వేలిముద్ర సరిగ్గా పనిచేస్తాయో లేదో ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడండి.

టీమ్‌లో రకరకాల ఓఎస్‌లున్నా ఇబ్బంది లేకుండా మూడు పనులు మొదటి రోజే చేయాలి. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్‌లో లైన్ ముగింపులన్నీ ఎల్‌ఎఫ్ (లినక్స్ పద్ధతి) అని రాయాలి, లేకపోతే విండోస్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్ట్ సర్వర్ మీద 'బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్' అని మొరాయిస్తుంది. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలన్న నియమం పెట్టాలి. మ్యాక్, విండోస్‌లు మామూలుగా పెద్ద 'బి', చిన్న 'బి' తేడా చూడవు, లినక్స్ చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో దొరికిన ఫైలు సర్వర్‌లో దొరకదు. లాంగ్వేజ్ వెర్షన్‌ను కోడ్ రిపాజిటరీలోనే ఫైల్‌గా రాసి, సీఐని సర్వర్ ఓఎస్ మీదే నడపాలి. సీఐ సర్వీసు గిట్‌హబ్ యాక్షన్స్‌లో మ్యాక్ రన్నర్ (బిల్డ్ నడిపే మెషీన్) నిమిషం ధర లినక్స్‌కు సుమారు పది రెట్లు. ఐఫోన్ బిల్డ్‌ను ప్రతి కమిట్‌కూ కాకుండా రిలీజ్‌కు మాత్రమే నడపండి.

ఇవన్నీ అయ్యాక కూడా అకౌంట్స్ వాళ్ల కోసం ఇంటెల్ లేదా ఏఎండీ చిప్ ఉన్న విండోస్ మెషీన్ ఒకటి ఆఫీసులో ఉండాలి. ట్యాలీ విండోస్‌దే. కంపెనీ ఫైలింగ్‌లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు విండోస్ మీద పనిచేసినంత నమ్మకంగా మరెక్కడా పనిచేయవు. ఆర్మ్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ దీనికి వద్దు, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చిప్‌లు) కోసం రాసిన డ్రైవర్లు దాని మీద ఎక్కవు.

ఏడో మెట్టు: ఖరారు చేసే ముందు ఒక వారం పరీక్ష

ఎంచుకున్నవాటితో ప్రోడక్ట్‌లో సన్నటి చీలిక ఒకటి పైనుంచి కిందిదాకా కట్టండి: లాగిన్, ఒక తెలుగు సరుకు పేరు, ఒక బిల్లు, ప్రింటు, పీడీఎఫ్. కట్టాక ఇవి చూడండి. ఇప్పటిదాకా ప్రాజెక్టు ముట్టని మనిషికి ఖాళీ ల్యాప్‌టాప్ ఇస్తే, సగం రోజులో యాప్ నడపగలగాలి. ఒక లైను మార్చితే పావుగంటలో సర్వర్‌కు చేరాలి. నెట్ తీసేసి బిల్లు కొట్టి, మళ్లీ పెడితే బిల్లు ఒక్కసారే చేరాలి. సర్వర్‌ను పూర్తిగా డిలీట్ చేసి, బ్యాకప్ నుంచి కొత్తది లేపడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి. రెండు గంటలు దాటితే స్క్రిప్టులు ఇంకా మెరుగుపడాలి. ఏది తప్పినా, ఆ భాగం మార్చుకోవడానికి ఇంతకన్నా చవకైన సమయం మళ్లీ రాదు.

పరీక్ష అయ్యాక రిపాజిటరీలో ఒక పేజీ రాసిపెట్టండి: ఏది ఎంచుకున్నాం, ఎందుకు, వెర్షన్ ఎంత, సపోర్టు ముగిసే తేదీ ఏది, బాధ్యత ఎవరిది. ప్రతి తేదీకీ ఆరు నెలల ముందు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. సర్వర్ మీద ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు నడుస్తున్నాయో లేదో చూడండి. కెర్నెల్ అప్‌డేట్ వచ్చాక రీబూట్ చేస్తేనే అది అమల్లోకి వస్తుంది, కాబట్టి కొట్లు మూసే వేళ చూసుకుని నెలకోసారి రీబూట్ ఖరారు చేయండి.

కొత్త ఎల్‌టీఎస్ ఏప్రిల్‌లో వచ్చినా అదే వారం దూకకండి. ఆగస్టు ప్రాంతంలో మొదటి పాయింట్ రిలీజ్ వస్తుంది, పాత ఎల్‌టీఎస్ నుంచి అప్‌గ్రేడ్‌ను ఉబుంటు కూడా అప్పుడే చూపిస్తుంది. అప్పుడైనా నడుస్తున్న సర్వర్ మీద అప్‌గ్రేడ్ నొక్కొద్దు. పక్కన కొత్త వెర్షన్‌తో ఇంకో సర్వర్ లేపి, డంప్ రీస్టోర్ చేసి, ఆ నాలుగు తెలుగు మాటల పీడీఎఫ్ తీసి చూసి, ఆదివారం రాత్రి ట్రాఫిక్ మళ్లించండి. పాత సర్వర్‌ను వారం రోజులు ఆపి ఉంచి, ఆ తర్వాతే తీసేయండి.